ఆఖరి ముడి వేసే మందు

పెద్ద ఆసుపత్రుల్లో ఫార్మసీ ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తుల్లో పుట్టుకలు, చావులు, బెలూన్లు, ఏడుపులు. కింద మేమూ, మా సీసాలూ, మా ఫ్రిజ్‌లూ. అట్లాంటాలో ఒక ఆసుపత్రి నేలమాళిగలో నా ఉద్యోగ జీవితం దాదాపు మొత్తం గడిచిపోయింది. ఈమధ్యనే రిటైరయ్యాను. మొన్న, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో ఫార్మసీ చదువుతున్న పిల్లలు కొందరు నన్ను చుట్టుముట్టారు. వాళ్ళలో ఇక్కడే పుట్టిన ఒక అమ్మాయి, "అంకుల్, డోంట్ మైండ్, మీ జాబ్ చాలా బోరింగ్ కదా? మందులు లెక్కపెట్టడం, లేబుల్ అంటించడం?" అని అడిగేసింది.

బోరింగా! చేతిలో ఉన్న బిర్యానీ ప్లేటు పక్కన పెట్టేసి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు, లేచి నిలబడిపోతాను. ఆ పిల్లలకు చెప్పిందే ఇక్కడ కాస్త తీరుబడిగా రాస్తున్నాను. ఇందులో వచ్చే కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. "రాయండి అంకుల్, పేర్లు మాత్రం వద్దు" అన్నారు. అందుకని నాతో సహా ఇందులో ఎవరికీ పేరు ఉండదు.

మా ఆసుపత్రిలో రక్తస్రావం ఆగని జబ్బులకు ప్రత్యేకంగా ఒక క్లినిక్ ఉండేది. దానికి కావలసిన మందులు చూసుకోవడం నా పని. ఆ మందుల్లో చాలావాటికి ముడిసరుకు మనిషే. రక్తంలోంచి కణాలు తీసేస్తే తేనెరంగు ద్రవం ఒకటి మిగులుతుంది కదా, అదే ప్లాస్మా. ఈ దేశంలో దాతలకు డబ్బిచ్చి దాన్ని సేకరించే కేంద్రాలు ఊరూరా ఉంటాయి. వేలమంది ఇచ్చిన ప్లాస్మాను కలిపి, వైరస్‌లు చచ్చేలా శుద్ధి చేసి, అందులోంచి కావలసిన ఒక్క ప్రోటీన్‌ను వేరుచేసి, పొడిగా మార్చి, అరచేతిలో దాగిపోయేంత సీసాలో పెట్టి పంపిస్తారు. ఆ సీసా పట్టుకున్న ప్రతిసారీ నాకు ఒక జాతర మొత్తాన్ని పట్టుకున్నట్టు ఉండేది.

క్లినిక్ నడిపే డాక్టరమ్మ ఇక్కడి జార్జియా రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన నల్లజాతి స్త్రీ. మనిషి పొట్టి, నడకంతా పరుగే. లిఫ్టు కోసం ఆగడం ఆమె జన్మలో ఎరగదు. చిక్కుముడి లాంటి కేసు దొరికితే జేబుల్లో చేతులు పెట్టుకుని ఈల వేసేది. ఆ ఈల మెట్లమీంచి మా నేలమాళిగలోకి దిగి వస్తోందంటే మాకు పని పడిందని అర్థం.

ఒకరోజు ఉదయం ఆ ఈల దిగి వచ్చింది.

"నాతో పైకి రా. నీ భాష మాట్లాడే పేషెంట్. మందు సంగతి తర్వాత. ముందు అసలు జబ్బేమిటో తేలాలి" అంది.

అట్లాంటా శివార్లలోని అల్ఫారెట్టాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్న అమ్మాయి. ముప్పైకి కాస్త ఇటువైపు వయసు. రెండోసారి గర్భం పోయింది. చిన్న ప్రొసీజర్ చేసి ఇంటికి పంపించారు. అంతా బాగుందనుకున్న మర్నాడు మళ్ళీ రక్తస్రావం మొదలైంది. మొదటిసారి పోయినప్పుడూ ఇదే వరస. గడ్డకట్టే పరీక్షలన్నీ చేశారు. అన్నీ నార్మల్. ఆ మాట విని విని ఆ పిల్ల ముఖంలో రక్తంతోపాటు నమ్మకమూ ఇంకిపోయింది.

"మీరు డాక్టరా అంకుల్?" అని అడిగింది నన్ను చూసి.

"కాదమ్మా. మందులు చూసే ఫార్మసిస్టుని."

"అయితే ఐరన్ టాబ్లెట్స్ ఇచ్చి పంపించేయండి. నేను ఇంక ట్రై చేయను. తప్పు నాదే అయ్యుంటుంది. ట్రెడ్‌మిల్ మానలేదు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేశాను, పైనాపిల్ తిన్నాను..." ఆ జాబితా ఎవరెవరు ఎక్కించారో గానీ ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఇంతలో స్కాన్‌కి తీసుకువెళ్ళారు. భర్త కూడా వెంట వెళ్ళాడు. గదిలో వాళ్ళమ్మ మిగిలింది. కూతురిని చూసుకోవడానికి సూర్యాపేట దగ్గర్నుంచి వచ్చిన మనిషి. నాకంటే కొన్నేళ్ళు చిన్నది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది.

డాక్టరమ్మ బుర్రలో అప్పటికే ఒక అనుమానం తిరుగుతోంది. అది తేలాలంటే ఈ అమ్మాయి పసికందుగా ఉన్నప్పటి సంగతి కావాలి. అది ఈ తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఆసుపత్రి నియమం ప్రకారం ఇలాంటి ప్రశ్నలు ఫోన్‌లో ఉండే దుబాసీ ద్వారానే అడగాలి. స్పీకర్‌లో ఒక పెద్దమనిషి వచ్చాడు. గొంతు చూస్తే పాఠం చెప్పే పంతులుగారిలా ఉంది.

"మీ కుటుంబమునందు ఎవరికైనను రక్తస్రావ రుగ్మత కలదా?" అన్నాడు.

"అసుంటియి మా ఇంట్ల ఏం లెవ్వు" అంది ఆవిడ, కాస్త నొచ్చుకుంటూ.

"మీ కుమార్తెకు నవజాత దశయందు నాభినాళ స్థానమున రక్తస్రావము సంభవించినదా?"

ఆవిడ నావైపు తిరిగింది. "ఏమంటున్నడు సారూ? నాకు సమజైతలేదు."

అటు ఫోన్‌లో ఆయన అదే వాక్యాన్ని ఇంకా స్పష్టంగా మళ్ళీ చదివాడు. ఆవిడ అయోమయంగా తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ ఈల ఆగిపోయింది. కంప్యూటర్‌లో 'లేదు' అని కొట్టడానికి వేళ్ళు ముందుకు వెళ్ళాయి.

"ఒక్క నిమిషం డాక్టర్. అదే ప్రశ్న నేను అడగవచ్చా?" అన్నాను. ఆమె తల ఊపింది. ఫోన్‌లో పెద్దమనిషి కూడా "అడగండి, అడగండి" అన్నాడు. పాపం, ఆయనకూ చెమట పట్టినట్టుంది.

"అమ్మా, మీ పాప పుట్టినంక, బొడ్డు ఊడినప్పుడు నెత్తురు కారిందా?"

ఆవిడ ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. తర్వాత రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"కారిందా అంటున్నరా? ఆగలే సారూ. బొడ్డు ఊడినప్పుడు మంచిగనే ఉండె. తెల్లారి మొదలైంది. గుడ్డలు మార్చి మార్చి నా చేతులు పడిపోయినయి. దవాఖానకు ఉరికినం. నెత్తురు ఎక్కిస్తే బతికింది."

నేను ఇంగ్లీషులో చెబుతుండగానే డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఇంకా అడుగు. చిన్నప్పటి దెబ్బలు. దగ్గర బంధువుల్లో పెళ్ళా. తోబుట్టువులు."

"మోకాలు పగిలితె ఒకనాడు ఆగేది, తెల్లారి మళ్ళ కారేది" అంది తల్లి. "నన్ను మా మేనమామకే ఇచ్చిన్రు. అమ్మమ్మే నాకు అత్త." స్వెట్టర్ అంచు లాక్కుంది. "దీనికంటె ముందు ఒక పిల్లగాడు పుట్టిండు. వానికి గూడ బొడ్డుకాడ గట్లనే అయింది. తర్వాత తలల నెత్తురు కారిందన్నరు. పోయిండు. మంత్రసాని కోసుడు సక్కగ లేదనుకున్నం. మా అమ్మమ్మ మాత్రం నీ చేతి గుణం మంచిది కాదు, నువ్వు పెంచితె దక్కరు అన్నది."

దాదాపు ముప్పై ఏళ్ళుగా ఆ మాట మోస్తున్న మనిషి మా ముందు కూర్చుని ఉంది.  డాక్టరమ్మ తర్జుమా కోసం ఆగలేదు. ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కూర్చుంది.

ఆ అమ్మాయి రక్తం నమూనా లాబ్‌కి వెళ్ళింది. మా లాబ్‌లో గడ్డకట్టే పరీక్షలు చూసే పెద్దాయన ఫిలిప్పీన్స్ మనిషి. కొత్త యంత్రాలు ఎన్ని వచ్చినా పాత పద్ధతులు మరిచిపోకూడదంటాడు. అసలు కొలత వేరే ఊరి లాబ్ నుంచి రావాలి. అందుకు రోజులు పడతాయి. ఈలోగా ఈయన తన పాత పరీక్ష చేస్తానన్నాడు. పద్ధతి చాలా సులువు. గాజుగొట్టంలో రక్తాన్ని గడ్డకట్టించి, ఆ గడ్డను యూరియా నీళ్ళలో వేయాలి. మామూలు మనిషి గడ్డ అయితే మర్నాటికి కూడా చెక్కుచెదరదు.

రెండు గొట్టాలు పక్కపక్కనే పెట్టాడు. ఒకదాంట్లో తన సొంత రక్తం. రెండోదాంట్లో మన అమ్మాయిది. రెండూ జున్నుముక్కల్లా చక్కగా గడ్డకట్టి ఉన్నాయి. ఏమీ తేడా లేదు. అందుకే ఆ 'నార్మల్'లన్నీ. నేను భోజనానికి వెళ్ళాలి. వెళ్ళలేదు. డాక్టరమ్మకు క్లినిక్‌లో పేషెంట్లు ఎదురు చూస్తున్నారు, అయినా పావుగంటకోసారి తొంగిచూసి పోతోంది. అలా చూస్తుండగానే రెండో గొట్టంలో జున్నుముక్క అంచులు పలచబడ్డాయి. తర్వాత సగమైంది. తర్వాత ఇక ముక్క లేదు, నీళ్ళే ఉన్నాయి.

"పదమూడు!" అని అరిచింది డాక్టరమ్మ. లాబ్‌లో అందరూ తలలు తిప్పారు. పెద్దాయన తన గొట్టాన్ని లైటుకి పట్టి ఊపి చూపించాడు. ఆయన గడ్డ అలాగే ఉంది. "నాది ఇంకా గట్టిదే" అన్నాడు గర్వంగా.

తర్వాత వచ్చిన అసలు కొలత కూడా అదే చెప్పింది. రక్తం గడ్డకట్టడానికి పనిచేసే ప్రోటీన్లను ఫ్యాక్టర్లంటారు, వాటికి నంబర్లుంటాయి. పదమూడోది చివర వచ్చేది. ముందువన్నీ కలిసి గడ్డను తయారుచేస్తాయి. పదమూడోది ఆ పోగుల్ని ఒకదానితో ఒకటి బిగించి నిలబెడుతుంది. అది లేకపోతే రక్తం ఆగుతుంది, గడ్డ కడుతుంది, ఒకటి రెండు రోజుల్లో జారిపోతుంది. చాలా అరుదైన లోపం. తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బు. గర్భం నిలవకపోవడానికీ అదే కారణం.

ఇదంతా ఆ తల్లీ కూతుళ్ళకు వివరంగా చెప్పాం. తల్లి శ్రద్ధగా విని, "అంటె పూలన్నీ మంచిగ గుచ్చి ఆఖర్న ముడి ఎయ్యనట్టు" అంది. డాక్టరమ్మకు ఆ మాట చెబితే ఎగిరి గంతేసింది. ఆ తర్వాత వైద్య విద్యార్థులకు పాఠం చెప్పినప్పుడల్లా ఆ పోలికే వాడేది. అదీ తెలుగులో 'ముడి' అని పలికి మరీ.

ఇక మందు. పదమూడో ఫ్యాక్టర్, ప్లాస్మాలోంచి తీసినది. నెలకొకసారి నరంలోకి ఎక్కిస్తే చాలు. అయితే మాటంత తేలిగ్గా ఎవరూ ఒప్పుకోరు.

"ఎవ్వరిదో నెత్తురు నా బిడ్డ ఒంట్లకెందుకన్నా?" అంది తల్లి. అప్పటికి సారు పోయి అన్ననయ్యాను.

కూతురు ఇంకా సూటిగా అడిగింది. "అంకుల్, నేను టెస్టర్ని. ఏదైనా బాగా పనిచేస్తుందంటే నమ్మను. ఎలా ఫెయిలవుతుందో చెప్తే నమ్ముతాను."

నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. దాచకుండా చెప్పాను. ఒకప్పుడు ఇలాంటి మందుల శుద్ధి సరిగా లేని రోజుల్లో, రక్తం ఆగడం కోసం తీసుకున్న మందే ఎంతోమందికి హెచ్‌ఐవీ, కాలేయ జబ్బులు అంటించింది. మా వృత్తిలో అంతకన్నా విషాదం లేదు. ఆ తర్వాతే వడపోతలు, వేడిచేయడాలు, దాతల పరీక్షలు అన్నీ కట్టుదిట్టమయ్యాయి. ఇప్పుడు ప్రమాదం బహు తక్కువ, పూర్తిగా సున్నా అని మాత్రం అనను. తీసుకోకపోతే ఏమవుతుందో మాత్రం మీ అన్నయ్య సంగతిలో ఉంది అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్‌లో క్యాలెండర్ తెరిచింది. "ఓకే. షెడ్యూల్ చేయండి" అంది.

నా దగ్గర ఒక జూనియర్ ఫార్మసిస్టు ఉండేది. అలబామా నుంచి వచ్చిన అమ్మాయి. తను కాలేజీలో చదువుకునేటప్పుడు క్రమం తప్పకుండా ప్లాస్మా ఇచ్చేదట. మొదటి డోసు కలుపుతున్నప్పుడు సీసాను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "హలో, ఇందులో నేను గానీ ఉన్నానా?" అని అడిగింది. నీళ్ళు పోసి ఊపబోతుంటే ఆపాను. ఊపితే నురగొచ్చి పాడవుతుంది. సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పాలి. పసిపిల్లను నిద్రపుచ్చినట్టు తిప్పమని చెప్పాను.

రెండు మూడు డోసులయ్యేసరికి మన టెస్టర్ అమ్మాయి చేతులమీద ఎప్పుడూ ఉండే నల్లటి కమిలిన మచ్చలు మాయమయ్యాయి. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని క్లినిక్‌కి వచ్చింది. "చూడండి అంకుల్, ప్రొడక్షన్‌లో బగ్స్ లేవు!" అని చేతులు చాపి చూపించింది. కొన్నాళ్ళకు మెట్లమీంచి ఈల దిగి వచ్చింది. ఆ ఈల వేరు. పెళ్ళి ఊరేగింపు బాజాలా ఉంది.

"ప్రెగ్నెంట్!" అంది డాక్టరమ్మ. ఆ మూడు అక్షరాలకు మా నేలమాళిగ దద్దరిల్లింది.

అక్కణ్ణుంచి డోసులు దగ్గర దగ్గరగా ఇచ్చాం. గతంలో రెండుసార్లూ గర్భం పోయిన సమయం వచ్చింది.  ఆ వారం అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పనిచేశాం. దాటింది. ఆ తర్వాత స్కాన్‌లో బిడ్డ బొటనవేలు చీకుతున్న బొమ్మ ఆ అమ్మాయి నాకు ఫోన్‌లో పంపితే, నేను దాన్ని మా ఆవిడకు చూపించాను, మా పక్కింటాయనకు చూపించాను, పోస్ట్‌మ్యాన్‌కి కూడా చూపించబోయి ఆగాను.

డాక్టరమ్మ ముందే ఒక పథకం వేసింది. ఈ మందు అరుదైనది కనుక మా ఆసుపత్రి నిల్వ ఉంచదు, తెప్పించుకోవాలి. కానుపుకి కావలసింది కాస్త ముందుగానే వచ్చేలా ఏర్పాటు చేశాం. అది కాక ఒక డోసు వాళ్ళింటి ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండాలి. ఏ అత్యవసరం వచ్చినా ఆ పెట్టె చేతిలో పట్టుకుని ఆసుపత్రికి రావాలి.

తొమ్మిదో నెలలో శ్రీమంతం చేశారు. వాళ్ళ కాలనీ క్లబ్‌హౌస్‌లో, శనివారం మధ్యాహ్నం. మమ్మల్నీ పిలిచారు. నేను పట్టు లాల్చీ వేసుకుని వెళ్ళాను. చేతినిండా గాజులు, తలనిండా పూలు పెట్టుకుని ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంది. ఎవరో పాటందుకున్నారు. మా ఆవిడ గంధం రాస్తోంది. ఉన్నట్టుండి ఆ అమ్మాయి మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, ఐ థింక్ వాటర్ బ్రేక్ అయింది" అంది.

ఉమ్మనీరు పోయిందని తెలియగానే పాట ఆగిపోయింది. ఆసుపత్రికి తెప్పించిన మందు సోమవారం రావాలి. ఇవాళ శనివారం.

భర్త కారు తీశాడు. మా ఆవిడ ఆ అమ్మాయితో ఎక్కింది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ఇంట్లో ఉన్న డోసు తీసుకుని వచ్చెయ్. ఈలోగా నేను బ్లడ్‌బ్యాంక్‌లో క్రయో సిద్ధం చేయిస్తాను" అంది. క్రయో కూడా ప్లాస్మాలోంచి వచ్చేదే, మంచుగడ్డలా చేసి దాస్తారు. పనిచేస్తుంది గానీ అందులో పదమూడోది కొంచెమే ఉంటుంది, పైగా ఈ మందుకు జరిగే శుద్ధి దానికి జరగదు. అది రెండో దారి. మాకు మొదటిది కావాలి.

తల్లినీ నన్నూ వాళ్ళింటి దగ్గర దింపి మరో కారు వెళ్ళిపోయింది. నా కారు అక్కడే ఉంది. పరుగున వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాను. పులిహోర గిన్నె, పెరుగావడల గిన్నె, పాయసం గిన్నె, వాటి మీద ఇంకో రెండు గిన్నెలు. మందు పెట్టె లేదు. కింద అరలో లేదు. తలుపు అరలో లేదు.

"చెల్లెమ్మా, మందు పెట్టె ఏది?"

"అదా అన్నా? ఈ గిన్నెలు పట్టలే. నిన్న పొద్దున తీసిన."

నా చెయ్యి ఫ్రీజర్ తలుపు మీదకు వెళ్ళింది. "తీసి? ఫ్రీజర్‌లో పెట్టారా?" ఫ్రీజర్‌లో పెడితే ఆ మందు సర్వనాశనం.

"ఫ్రీజర్‌ల కోడికూర ఉంటది. దాంట్ల ఎట్ల పెడత?" అంది ఆవిడ. "పారేస్తనా అన్నా? నా బిడ్డ పానం అది. దేవుని కాడ పెట్టిన."

మేడమీద బట్టలు పెట్టుకునే క్లాజెట్‌ను ఒకదాన్ని పూజగది చేసుకున్నారు. తలుపు తీస్తే, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, తెల్లటి మందు పెట్టె. దీపం దానికి మూరెడు దూరంలో ఉంది, అదృష్టవశాత్తూ అది బ్యాటరీ దీపం. పెట్టెమీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఏసీ సరిగ్గా దానిమీదకే వీస్తోంది. పెట్టె తిప్పి లేబుల్ చదివాను. కుంకుమ చెరిపి మళ్ళీ చదివాను. ఫ్రిజ్‌లో ఉంచాలి, అయితే గది వేడిమిలో కొన్ని నెలలపాటు ఉంచవచ్చు, ఒకసారి బయట పెట్టాక తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. వేలసార్లు తెలిసిన విషయమే అయినా ఆ క్షణంలో అచ్చులో కళ్ళారా చూడందే నా గుండె ఒప్పుకోలేదు.

నేను నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఆవిడ కంగారుపడింది.

"తప్పు చేసిన్నా అన్నా?"

"లేదు చెల్లెమ్మా. బాగుంది. పద, పద!"

ఫోర్ హండ్రెడ్ హైవే మీద ఆ రోజు నేను ఎలా డ్రైవ్ చేశానో పోలీసులు ఈ వ్యాసం చదవకూడదు. ఆవిడ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి, దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది.

లాల్చీతో, నుదుట కుంకుమతో, బుగ్గన గంధంతో ఫార్మసీలోకి దూసుకెళ్ళాను. డ్యూటీలో మా అలబామా అమ్మాయి ఉంది. "ఇవాళ మీ పెళ్ళా?" అంది. పెట్టె ఇచ్చి సంగతి చెప్పి గ్లవ్స్ అందుకోబోయాను.

"ఆగండి సర్. మీరు డ్యూటీలో లేరు. ముట్టుకోకూడదు."

"నేనా!"

"పేషెంట్ ఇంటి నుంచి తెచ్చిన మందును డ్యూటీలో ఉన్న ఫార్మసిస్టు పరీక్షించాలి. మీరే కదా నేర్పారు?"

నిజమే, నేనే నేర్పాను. అంతకన్నా పెద్ద శిక్ష లేదు. అద్దానికి ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పెట్టె ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశారో, ఎక్కడ పెట్టారో, ఎండ తగిలిందా, అన్నీ అడిగింది. లేబుల్ చదివింది. మళ్ళీ చదివింది. నేను లోలోపల గంతులు వేస్తున్నాను. సీసాలో నీళ్ళు పోసింది. "ఊపకు!" అని అరిచాను అద్దంలోంచి. ఆమె నావైపు చూడకుండానే సీసాను మెల్లగా, మహా నిదానంగా గుండ్రంగా తిప్పింది. తెల్లటి పొడి కరిగి నీళ్ళలా తేటబడింది.

మందు నరంలోకి వెళుతుండగా తలుపు దగ్గర నిలబడి చూశాను. గాజులు తీయించేశారు గానీ తలలో పూలు అలాగే ఉన్నాయి. పొద్దుగూకకముందే ఆడపిల్ల పుట్టింది. ఆ కేక కారిడార్ చివరి దాకా వినిపించింది. అప్పుడే అమ్మమ్మైన మా చెల్లెమ్మ గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్క్ తీసి, ఆవిడ పక్కనే నేలమీద కూర్చుని, "ముడి" అంది. "ముడి పడింది" అన్నాను నేను. అయినా ఎవరూ పూర్తిగా ఊపిరి పీల్చలేదు. ఈ జబ్బు మొదటి రోజు మంచిగా ఉండి తర్వాతే దొంగదెబ్బ తీస్తుంది.

మర్నాడు ఏమీ లేదు. సోమవారం తెప్పించిన మందు వచ్చింది, ఇంకో డోసు ఇచ్చాం. ఆ రోజూ ఏమీ లేదు. మూడోరోజు డాక్టరమ్మ పేషెంటును చూసి బయటికి వచ్చి, "ఇంత బోరింగ్ కేసు నా సర్వీసులో చూడలేదు" అంది, నోరంతా నవ్వుతో. మా వృత్తిలో ఆ మాటకన్నా గొప్ప బిరుదు లేదు పిల్లలూ. అందరూ ఉత్సాహంగా ఉరుకులు పెట్టేది, చివరికి ఏమీ జరగకుండా ఉండటానికే.

వాళ్ళమ్మ తిరుగు ప్రయాణం దగ్గరపడుతున్నప్పుడు నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఆ నెత్తురు ఇచ్చినోళ్ళను ఒక్కపాలి చూపెట్టు."

"అది ఎవరిదో తెలియదు చెల్లెమ్మా. వేలమందిది కలిసి ఉంటుంది."

"అయితె వేలమందిల ఒక్కన్ని చూపెట్టు."

కాదనలేకపోయాను. మా ఇంటికి దగ్గర్లో ఒక ప్లాస్మా కేంద్రం ఉంది, టైర్ల షాపుకీ బట్టలుతికే లాండ్రోమాట్‌కీ మధ్యన. లోపలికి వెళ్ళే పని లేదు కనుక కారు పార్క్ చేసి బయటే నిలబడ్డాం. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ డబ్బా. కొంచెం సేపటికి ఒక పొడుగాటి కుర్రాడు బయటికి వచ్చాడు. మెడనిండా పచ్చబొట్లు, తలకు టోపీ, మోచేతికి ఊదారంగు కట్టు. నేను ఏదో అనేలోగా ఆవిడ అతనికి ఎదురెళ్ళి రెండు చేతులూ జోడించింది. తర్వాత డబ్బా తెరిచి ఒక సున్నుండ చేతిలో పెట్టింది.

అతను బిత్తరపోయి నావైపు చూశాడు. సంగతి క్లుప్తంగా చెప్పాను. వాళ్ళమ్మాయి, మనవరాలు, మందు.

"సర్, నేను నా ట్రక్ బాగుచేయించుకోవాలని వస్తున్నాను, అంతే" అన్నాడు, ఇబ్బందిగా.

"ఏమన్నడు?" అంది ఆవిడ. ఉన్నదున్నట్టు చెప్పాను.

"మంచిది. నీ బండి మంచిగ కావాలె కొడకా. నూరేండ్లు తిరుగు దాని మీద" అంది. అదీ చెప్పాను.

అతను సున్నుండను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని అడిగాడు. లేవు, మినప్పప్పు, బెల్లం, నెయ్యి అన్నాను. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నోరు నిండి మాట రాక, ఇక్కడి కుర్రాళ్ళు చేతులు కలపడానికి బదులు పిడికిళ్ళు తాకించుకుంటారే, అలా పిడికిలి బిగించి ఆవిడ ముందుకు చాపాడు.

ఆవిడకు ఆ మర్యాద తెలియదు. ఇంకోటి అడుగుతున్నాడనుకుంది. ఆ పిడికిలిని వేలు వేలుగా విప్పి, నడుమ రెండో సున్నుండ పెట్టి, మళ్ళీ తనే మూసింది.